బావ కారు, దొరకని వాషరు

పేరు వేయవద్దన్న తిరుపతి పాఠకుడొకరి ఉత్తరం ఇది. చాలా పొడవుగా ఉంది కాబట్టి సారాంశం ఇస్తున్నాను. అవసరమైన చోట ఆయన మాటలే ఉంచాను.

వయసు 31. మెకానికల్ డిప్లొమా చేశారు. రేణిగుంట దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం. సొంత బైకు సర్వీసు ఇంట్లోనే చేసుకుంటారు. పానాలు, రాట్చెట్ సెట్టు అన్నీ ఉన్నాయి. అక్కా బావా చిత్తూరులో ఉంటారు. బావది 2015 మోడల్ పెట్రోలు కారు, 4 సిలిండర్లు. ఎక్కువగా నడిపేది అక్కే. కొన్ని నెలలుగా బండి నిలబడి ఉన్నా ఇంజిన్ రేస్ అవుతోంది. 800 దగ్గర ఉండాల్సిన ఆర్‌పీఎం 1,400 దాటుతోంది. బానెట్ ఎత్తితే వెనకవైపు నుంచి బుస్సుమని గాలి పీల్చే చప్పుడు. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే చిత్తూరులో ఒక షెడ్డుకు తీసుకెళ్ళారు. అక్కడ స్కానర్ పెట్టి పి0171 కోడ్ చూపించి, “మానిఫోల్డ్ ప్యాకింగ్ పోయింది, విప్పాల, ఏడు వేలవుతుంది” అన్నారు. మానిఫోల్డ్ అంటే సిలిండర్లకు గాలి పంచే గొట్టాల భాగం, ప్యాకింగ్ అంటే దాని అతుకులో గాలి దూరకుండా వేసేది.

“ఏడు వేలు దండగ బావా, ప్యాకింగ్ కొనిస్తే నేనే వేస్తా అన్నాను. బావ సరే అనలేదు, వద్దనలేదు. అక్క మాత్రం ‘మా తమ్ముడు చేస్తాడులే’ అని గట్టిగా చెప్పి బండి పంపించింది.”

ఎమ్మార్‌పల్లిలో ఇంటి పక్క ఖాళీ జాగాలో ఒక ఆదివారం పని మొదలుపెట్టారు. వీడియోలు చూసి, బ్యాటరీ నెగటివ్ తీసి, ఇంజిన్‌కు వెళ్ళే గాలిని అదుపు చేసే థ్రోటిల్ బాడీ విప్పి, పైపులు ఊడదీసి, సాయంత్రానికి ఇన్‌టేక్ మానిఫోల్డ్ బయటికి తెచ్చారు. ఆ తర్వాత మూడు సంగతులు తేలాయి. వెనకవైపు కింది స్టడ్ (తల లేని బోల్టు) ఒకటి విరిగి, ముక్క హెడ్‌లోనే, అంటే సిలిండర్ల పైన ఉండే దిమ్మలోనే ఉండిపోయింది. బోల్టులూ నట్లూ లెక్కపెడితే ఒక వాషరు తక్కువ వచ్చింది. లావుపాటి రబ్బరు గొట్టం ఒకటి మానిఫోల్డ్‌కు తగిలే చోట నెర్రెలిచ్చి ఉంది. “దానికి ఇన్సులేషన్ టేపు చుట్టాను, అది పెద్ద సమస్య కాదులెండి” అని ఆయనే రాశారు. అక్కడే ఇంకో ముక్క కూడా రాశారు: “ఈమధ్య బ్రేకు గట్టిగా ఉంటోందని అక్క అంటా ఉండింది, అది వేరే పని, తర్వాత చూద్దామనుకున్నా.”

బండి విప్పి పది రోజులైంది. పోర్టుల్లో, అంటే హెడ్‌లోకి గాలి వెళ్ళే రంధ్రాల్లో, పాత బనీను గుడ్డలు కుక్కి, పైన పట్టా కప్పారు. బావ రోజూ రాత్రి ఫోన్ చేసి “ఏమప్పా, అయిందా?” అంటున్నారు. ఈయన “అయిపోవచ్చింది బావా” అంటున్నారు. వచ్చే నెల మేనల్లుడికి తిరుమలలో పుట్టువెంట్రుకలు తీయించాలి. బావవాళ్ళ అమ్మా నాన్నలతో సహా అందరూ ఈ కారులోనే కొండెక్కాలని అనుకున్నారు. మేనమామగా పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాల్సింది ఈయనే.

“అమ్మ ఏమంటోందంటే, ‘అల్లుడికి చెప్పొద్దు నాయనా, అక్కకు మాటొస్తుంది. గుట్టుగా షెడ్డుకు తోలించి నీ డబ్బుతో చేయించు, నువ్వే చేసినావని చెప్పు’ అంటోంది. విరిగిన స్టడ్ వదిలేసి మిగతావి గట్టిగా బిగిస్తే సరిపోతుందా? వాషరు కింద ఎక్కడో పడిపోయి ఉంటుందని వదిలేయొచ్చా? బావకు ఎంతవరకు చెప్పాలి?”

ఉత్తరం అందిన పూటే మీకు మెయిల్‌లో ఒక్క మాట పంపాను, చూసే ఉంటారు. వాషరు సంగతి తేలేదాకా ఇంజిన్ తిప్పకండి. తాళం తిప్పడమే కాదు, గేరులో వేసి బండి తోయడం, క్రాంక్ పుల్లీకి పానా వేసి “కొంచెం తిప్పి చూద్దాం” అనుకోవడం కూడా వద్దు. జవాబు ఇక్కడి నుంచే మొదలుపెడతాను. మీరు అడిగినవాటిలో తప్పు జరిగితే వెనక్కి తీసుకోలేనిది ఇదొక్కటే.

మానిఫోల్డ్ తీశాక హెడ్‌లో కనబడే రంధ్రాలు నేరుగా ఇన్‌టేక్ వాల్వుల మీదికి దిగుతాయి. 4 సిలిండర్ల ఇంజిన్ ఎక్కడ ఆగినా వాటిలో ఏదో ఒక సిలిండర్ ఇన్‌టేక్ వాల్వు ఎంతో కొంత తెరిచే ఉంటుంది. పోర్టులో పడిన వాషరు వాల్వు మీద ఆగవచ్చు, పక్కగా జారి సిలిండర్‌లోకి పోవచ్చు. పిస్టన్ పైకి వచ్చినప్పుడు దానికీ హెడ్‌కూ మధ్య మిగిలే సందు చాలా తక్కువ. అందులో ఉక్కు బిళ్ళ ఇరుక్కుంటే వాల్వు వంగుతుంది, పిస్టన్ తల గుంటలు పడుతుంది, స్పార్క్ ప్లగ్ మొన చితికిపోతుంది. అప్పుడు హెడ్ దించాల్సిందే. బావకు మీరు మిగిల్చాలనుకున్న ఏడు వేలు ఆ ఖర్చులో ఓ మూలకు కూడా రావు.

ఇంతా భయపెట్టి ఇప్పుడీ మాట అంటున్నందుకు ఏమనుకోకండి: ఆ వాషరు అసలు లేకపోయి ఉండే అవకాశం కూడా ఉంది. పదేళ్ళ బండి. ఇంతకు ముందు ఎవరైనా మానిఫోల్డ్ దించి ఉంటే, ఒక వాషరు పోగొట్టి అలాగే బిగించి ఉండవచ్చు. దీన్ని తేల్చడం తేలిక. మానిఫోల్డ్ మీద ప్రతి బోల్టు రంధ్రం చుట్టూ టార్చి వేసి చూడండి. ఏళ్ళ తరబడి వాషరు కూర్చున్న చోట గుండ్రటి ముద్ర ఉంటుంది. ముద్ర లోపల శుభ్రంగా, బయట మట్టీ నూనె జిడ్డూ కనిపిస్తుంది. ఒక రంధ్రం చుట్టూ బోల్టు తల మేరకే చిన్న ముద్ర ఉందంటే అక్కడ వాషరు లేనట్టే. అన్ని చోట్లా పెద్ద ముద్రే ఉంటే వెతకాలి.

వెతకడం బయటి నుంచి లోపలికి సాగనివ్వండి. ముందు ఇంజిన్ కింద ప్లాస్టిక్ తొడుగు, గేర్‌బాక్స్ పైభాగంలోని గుంటలు, సస్పెన్షన్ దూలం మీది పల్లాలు, ఆ తర్వాత బండి కింద నేల చూడండి. తీగ కొసన అయస్కాంతం ఉండే కడ్డీ ఆటో స్పేర్స్ కొట్లలో దొరుకుతుంది. మిగిలిన వాషర్లలో ఒకదానికి ముందు దాన్ని తగిలించి చూడండి. అది అంటుకోని రకమైతే అయస్కాంతంతో ఎంత వెతికినా దండగే. బయట దొరక్కపోతే పోర్టుల్లోని గుడ్డలు ఒక్కొక్కటిగా తీయండి. అసలు ఎన్ని గుడ్డలు కుక్కారో మీ ఉత్తరంలో లేదు. ఆ లెక్క ఇప్పుడే ఒక కాగితం మీద రాసి బానెట్‌కు అంటించండి. మరచిపోయిన బనీను పీలిక కూడా వాషరంత పని చేస్తుంది.

పోర్టులోకి చూడటానికి ఫోన్‌కు తగిలించే సన్నటి కెమెరా తీగ వెయ్యి రూపాయల చుట్టుపక్కల దొరుకుతుంది. ముందు పోర్టుల్లో, తర్వాత స్పార్క్ ప్లగ్గులు తీసి ఆ రంధ్రాల్లోంచి సిలిండర్లలో చూడండి. ప్లగ్గులు తీసే ముందు చుట్టూ ఉన్న మట్టి తుడవండి, లేకపోతే అది లోపలికి పోతుంది. వాషరు కనబడితే అయస్కాంతంతో లాగండి, లేదంటే కొసన చిక్కటి గ్రీజు రాసిన కడ్డీతో అంటించి తీయండి. కంప్రెసర్ గాలి కొట్టొద్దు, అది బయట ఉన్నదాన్ని కూడా లోపలికి తోస్తుంది. ఇంట్లో నేల ఊడ్చే వ్యాక్యూమ్ మిషన్ కూడా తేవద్దు. పెట్రోలు ఆవిరి ఉన్న చోట ఆ మోటారు నిప్పురవ్వ చాలు. అన్ని సిలిండర్లూ చూసి ఖాళీ అని మీకు నమ్మకం కుదిరాకే ముందుకు కదలండి.

మీరు ‘వేరే పని’ అని పక్కనపెట్టిన వాక్యం దగ్గరికి వస్తాను. నాకు మీ ఉత్తరమంతటిలో అసలు విషయం అదే అనిపించింది.

పెట్రోలు ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు థ్రోటిల్ దాదాపు మూసుకొని ఉంటుంది, పిస్టన్లు మాత్రం గాలి లాగుతూనే ఉంటాయి. బయట గాలి పీడనం సుమారు 100 కిలోపాస్కల్స్ ఉంటే మానిఫోల్డ్ లోపల 30, 40కి పడిపోతుంది. ఆ పీల్పును వాడుకునేవాటిలో ముఖ్యమైనది బ్రేకు బూస్టర్. పెడల్ వెనక, ఇంజిన్‌కూ మనం కూర్చునే చోటుకూ మధ్య గోడకు బిగించి ఉండే నల్లటి పెద్ద డబ్బా అదే. దాని నుంచి మానిఫోల్డ్‌కు వచ్చేది ఒక లావుపాటి గొట్టం. మధ్యలో గాలిని ఒకవైపే పోనిచ్చే వాల్వు ఉంటుంది. మీ అక్క కాలి బలాన్ని ఆ డబ్బా కొన్ని రెట్లు పెంచి చక్రాల దగ్గరికి పంపిస్తుంది.

ఇక మీరు రాసినవే వరసగా పెట్టి చూడండి. ఐడ్లింగ్ ఎక్కువ. వెనకవైపు బుస్సుమనే చప్పుడు. లావుపాటి గొట్టం మానిఫోల్డ్ దగ్గర నెర్రెలు. గట్టిబడిన బ్రేకు. మీరు టేపు చుట్టినది బూస్టర్ గొట్టమే అయితే, ఈ నాలుగింటికీ అదొక్కటే కారణం కావచ్చు. ప్యాకింగ్ బాగానే ఉండి ఉండవచ్చు, మానిఫోల్డ్ విప్పాల్సిన పనే లేకపోయి ఉండవచ్చు! పి0171 కోడ్ చెప్పేది ‘పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ’ అన్నంతవరకే. ఆ గాలి ఎక్కడి నుంచి వస్తోందో చెప్పదు. చిరిగిన గొట్టం, పాడైన పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిర్లను మానిఫోల్డ్‌లోకి పంపేది), సైలెన్సర్‌వైపు ఆక్సిజన్ సెన్సర్‌కు ముందు లీకు, నీరసపడ్డ పెట్రోలు పంపు, వీటిలో దేనికైనా ఇదే కోడ్ వస్తుంది. కోడ్ చూడగానే విప్పేయడం షెడ్డుల్లో మామూలే, వీడియోల్లో మరీ మామూలు.

ఆ గొట్టం ఎటు పోతోందో ఇవాళే చేత్తో తడుముతూ కొస దాకా వెళ్ళి చూడండి. బూస్టర్‌కే చేరితే టేపు విప్పి పారేయండి. ఇంజిన్ వేడికి టేపు జిగురు కరిగిపోతుంది, పీల్పుకు లోపలికి ముడుచుకుంటుంది. దాని బదులు తోటకు నీళ్ళు పెట్టే పైపు ముక్కో, మెత్తటి ఇంకేదో గొట్టమో వేయొద్దు. పీల్పుకు అవి చదునుగా అణిగి మూసుకుపోతాయి. మీ బండి మోడల్‌కు వచ్చే బూస్టర్ గొట్టమే, వాల్వుతో సహా కొనండి.

తిరుమల ప్రయాణం కోసమే ఇంత గట్టిగా చెబుతున్నాను. 1944లో వేసిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి. 1974లో వచ్చిన రెండోది ఎక్కడానికి. ఎక్కేటప్పుడు బ్రేకుతో పని తక్కువ కాబట్టి బండి బాగానే ఉందనిపిస్తుంది. దిగేటప్పుడు ఒక మెలిక తర్వాత ఒక మెలిక, కాలు బ్రేకు మీదే ఉంటుంది. బూస్టర్ పీల్పు లేకపోతే బ్రేకు అసలు పడదని కాదు, పడుతుంది. కానీ ఎన్నో రెట్లు గట్టిగా తొక్కాలి, అలవాటు లేని మనిషి ఆ క్షణంలో తొక్కలేరు. పైగా గాలి లీకై 1,400 మీద తిరిగే ఇంజిన్, రెండో గేరులో దిగుతున్నా బండిని పట్టి ఉంచాల్సినంతగా ఉంచదు. అక్క ఇన్ని నెలలుగా అదే బండి చిత్తూరులో నడుపుతోంది. చదునైన ఊళ్ళో పెద్దగా తెలియలేదంతే.

విరిగిన స్టడ్ గురించి. వదిలేసి మిగతావి బిగిస్తే సరిపోదు. ఎక్కడ బిగింపు లేదో అక్కడే గాలి దూరుతుంది, మీరు మానిఫోల్డ్ విప్పిన పని మొదటికొస్తుంది. మిగతావి అతిగా బిగిస్తే ఫ్లాంజి, అంటే మానిఫోల్డ్ హెడ్‌కు ఆనే అంచు, వంకర పోతుంది. ముక్క హెడ్ బయటికి ఎంత పొడుచుకొని ఉందో మీరు రాయలేదు. అరంగుళం దాకా ఉంటే ఆశ ఉంది. తుప్పు వదిలించే నూనె స్ప్రే చేసి రాత్రంతా ఉంచండి. మరలు బాగుంటే రెండు నట్లు ఒకదానికొకటి బిగించి లోపలి నట్టుతో విప్పండి, లేకుంటే వైస్‌గ్రిప్‌తో పట్టి కొద్దికొద్దిగా ఇటూ అటూ ఆడించండి. హెడ్‌కు సమంగా విరిగి ఉంటే మాత్రం ఇంట్లో డ్రిల్ పట్టొద్దు. స్టడ్ ఉక్కు, హెడ్ అల్యూమినియం. డ్రిల్ కొంచెం పక్కకు జారినా మెత్తటి అల్యూమినియంనే తింటుంది, మరలు పోతాయి, కొత్త మరల కోసం హెలికాయిల్ అనే తీగచుట్ట వేయాల్సి వస్తుంది. రోజూ ఇదే పని చేసేవాళ్ళు ముక్క మీద నట్టు వెల్డింగ్ చేసి తీస్తారు. ఎలక్ట్రానిక్ కంట్రోల్ ఉన్న బండి మీద వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ రెండు వైర్లూ తీసి ఉంచాలి, దగ్గర్లో పెట్రోలు రెయిలు (ఇన్‌జెక్టర్లకు పెట్రోలు పంచే గొట్టం) ఉండకూడదు. ఈ పని ఇంటి పక్క ఖాళీ జాగాలో చేసేది కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు మీకు మూడు దారులు కనిపిస్తున్నాయి.

వాషరు దొరికి, స్టడ్ ముక్క చేత్తోనే వచ్చేస్తే, మిగిలింది మీరే చేయగలరు. డిప్లొమా ఉంది, చేతికి అలవాటు ఉంది, రోజులు ఉన్నాయి. అలా చేస్తే డబ్బు మిగులుతుంది, అక్క మాట నిలబడుతుంది. కానీ పూచీ అంతా మీదే. హెడ్ ముఖం మీది పాత ప్యాకింగ్ గోకడానికి హ్యాక్సా బ్లేడు వాడకండి, ప్లాస్టిక్ గీకుడు వాడండి. గీత పడితే అక్కడి నుంచే లీకు. రబ్బరు రకం ప్యాకింగ్‌ను పొడిగానే వేయాలి, సిలికాన్ పేస్టు పూయకూడదు. ఇన్‌జెక్టర్లు కదిలించి ఉంటే వాటి రబ్బరు రింగులు కొత్తవి వేసి, కొంచెం ఇంజిన్ ఆయిల్ రాసి కూర్చోబెట్టండి. బిగింపు మధ్యలోంచి చివరలకు, రెండు మూడు విడతల్లో. ఎంత గట్టిగా బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచి అద్దెకైనా తెచ్చుకోండి. ఇలాంటి బోల్టులకు మామూలుగా 10 నుంచి 25 న్యూటన్ మీటర్ల దాకా ఉంటుంది, మీ బండికి ఎంతో సర్వీసు మాన్యువల్ చూసి తేల్చుకోవాలి. ప్లాస్టిక్ మానిఫోల్డ్‌కు ‘చెయ్యి ఆగేదాకా’ అనే లెక్క పనికిరాదు. థ్రోటిల్ బాడీకి కూలెంట్ గొట్టాలు ఉంటే తగ్గిన కూలెంట్ నింపాలి. పెట్రోలు లైను విప్పి ఉంటే ముందు తాళం ఆన్ వరకే తిప్పి ఆపండి, రెండుసార్లు అలా చేసి రెయిలు చుట్టూ తడి ఉందేమో చూడండి. పొడి ఉంటేనే స్టార్ట్ చేయాలి. మంటలార్పే సిలిండర్ ఒకటి పక్కన ఉండనివ్వండి. పట్టా కింద, పూజ అగరొత్తులకు దగ్గరగా ఈ పని వద్దని మీ అమ్మగారికి కూడా చెప్పండి.

రెండో దారి, తెలిసిన మెకానిక్‌ను ఇంటికే పిలిపించి, స్టడ్ ఆయనతో తీయించి, బిగింపు ఆయన ఎదుట మీరు చేయడం. వినడానికి ఇదే బాగుంటుంది. చిక్కేమిటంటే, వేరొకరు సగం విప్పిన ఇంజిన్ మీద చెయ్యి వేయడానికి మంచి మెకానిక్‌లు వెనకాడతారు. రేపు ఏ చప్పుడు వచ్చినా తమ మీదికే వస్తుందని వాళ్ళ భయం, అది సబబే. ఒప్పుకున్నా “పనికి గ్యారంటీ లేదు” అనే అంటారు. గంట కూలి ముందే మాట్లాడుకోండి. వాషరు విషయం మొదటి నిమిషంలోనే చెప్పండి.

మూడోది, బండిని అలాగే షెడ్డుకు చేర్చడం. చక్రాలు నాలుగూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ మీద పంపండి, తాడు కట్టి లాగించొద్దు. పోర్టులు టేపుతో మూసి, విప్పిన సామాను ఒక్కటీ పోకుండా ఒక పెట్టెలో, ఏది ఎక్కడిదో కాగితాలు అంటించి పంపాలి. ఇందులో ఖర్చు ఏడు వేలు దాటుతుంది, విప్పిన బండికి షెడ్డులో కాస్త ఎక్కువే అడుగుతారు. కెమెరాలో వాషరు కనబడి కూడా చేతికి రాకపోయినా, స్టడ్ హెడ్‌కు సమంగా విరిగినా, నేనైతే ఇదే పట్టుకుంటాను. ఇందులో చిన్నతనమేమీ లేదు. షెడ్డుల వాళ్ళు కూడా స్టడ్ మొండికేస్తే లేత్ షాపు వాళ్ళకు కబురు పెడతారు.

అమ్మగారు చెప్పింది ఈ మూడో దారికే ఒక అబద్ధం అతికించడం. అల్లుడి దగ్గర కూతురు చిన్నబోకూడదని ఆమె తాపత్రయం, అర్థమవుతుంది. కానీ దాని పర్యవసానం చూడండి. కారు చిత్తూరు తిరిగి వెళ్ళాక చూసేది అదే షెడ్డు. కొత్త స్టడ్, వెల్డింగ్ మరక వాళ్ళ కంట పడకుండా ఉండవు. మీ బావ ఆ మాట మీ నోట వినడానికీ, మెకానిక్ నోట వినడానికీ చాలా తేడా ఉంది. “మా తమ్ముడు చేస్తాడులే” అన్న అక్కకు అసలు మాట వచ్చేది అప్పుడే. ఇంకో ముఖ్యమైన సంగతి: మీరే చేశారని నమ్మితే, రేపు ఇంకో పని ఉన్నప్పుడు బావ బండి మళ్ళీ మీ దగ్గరికే పంపిస్తారు.

అయితే జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాలా అంటే, నేనలా అనను. నేను దీన్ని రెండుగా విడదీస్తాను. పానా ఎవరు తిప్పారు, ఏ ఆదివారం ఎంత చెమట పట్టింది, స్టడ్ ఎవరి చేతిలో విరిగింది, ఇవి మీ విషయాలు. అడిగితే చెప్పండి, అడగకపోతే ఊరుకున్నా నష్టం లేదు. వాషరు, బ్రేకు గొట్టం, ఈ రెండూ మీవి కావు. ఆ బండిలో కూర్చునేవాళ్ళవి. అందులో ముసలివాళ్ళున్నారు, చంటిపిల్లవాడున్నాడు. ఇవి దాచే హక్కు మీకు లేదు, అమ్మగారికీ లేదు.

నిజానికి బ్రేకు సంగతి చెప్పడం మీకు తలవంపు కాదు. ఏడు వేలు అడిగినవాళ్ళు చూడనిది మీరు చూశారు. గొట్టం బూస్టర్‌దేనని తేలిన రోజే ఫోన్ చేయండి. బావ రాత్రి చేసేదాకా ఆగకుండా మీరే చేయండి. “బావా, ఇన్నాళ్ళూ అయిపోవచ్చింది అంటా వచ్చినా, కాలేదు. ఒక స్టడ్ విరిగింది, ఒక వాషరు లెక్కకు రాలేదు, అది దొరికేదాకా ఇంజిన్ తిప్పను. ఇంకోటి, బ్రేకు గొట్టం పగిలుండాది, అక్క గట్టిగా ఉందన్నది దానివల్లే. కొత్తది వేయకుండా బండి ఇవ్వను.” ఇంత చాలు. వివరణ పొడిగిస్తే సంజాయిషీ అవుతుంది.

ముందు అక్కకు చెప్పి ఆమె చేత చెప్పిస్తే ఎలా ఉంటుందని మీకు అనిపించవచ్చు. తేలికే, కానీ అప్పుడు మాట పడేది ఆమె. నేరుగా బావకే చెబితే, భర్త నోట విన్న అక్క నొచ్చుకుంటుంది, మీ తరఫున మాట ఇచ్చింది ఆమె కాబట్టి. ఒకే రోజు, అక్కకు ఒక పది నిమిషాల ముందు, తర్వాత బావకు మీరే చెప్పండి. చిత్తూరు ఎంత దూరం, 70 కిలోమీటర్లు. వీలైతే బస్సెక్కి వెళ్ళి ఎదురుగా చెప్పండి. బావ ఎలా తీసుకుంటారో నేను చెప్పలేను. సరే అనకుండా, వద్దనకుండా బండి పంపిన మనిషి అంటే నాకు రెండు రకాలుగా కనిపిస్తున్నారు. మొహమాటస్తుడైతే “పోనీలేప్పా” అంటారు. మొదటి నుంచీ ఇష్టం లేనివారైతే నాలుగు మాటలంటారు, “షెడ్డుకు పంపించు” అంటారు. అలా అంటే వాదించకుండా పంపించేయండి, బండి ఆయనది. మీరే బిగించగలరన్న సంగతి అప్పుడు పక్కనపెట్టాలి.

ఎవరు బిగించినా పరీక్షలు మాత్రం మీరు దగ్గరుండి చూడండి. ఇంజిన్ ఆపి బ్రేకు పెడల్ నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలా తొక్కిపట్టుకునే స్టార్ట్ చేయండి. పెడల్ కొంచెం కిందికి దిగితే బూస్టర్‌కు పీల్పు అందుతున్నట్టు. దిగకపోతే బండి కదపొద్దు. ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలయ్యాక మొదటి తొక్కుడు మెత్తగానే ఉండాలి, అప్పుడు ఆ ఒకవైపు వాల్వు కూడా బాగున్నట్టు. లీకు వెతకడానికి మండే క్లీనర్లు స్ప్రే చేయడం వీడియోల్లో చూసి ఉంటారు. వేడెక్కిన ఎగ్జాస్ట్ పక్కన అది వద్దు. ఐడ్లింగ్‌లో ఉండగా అతుకుల మీద సన్నగా నీళ్ళు చిమ్మితే, లీకున్న చోట ఇంజిన్ శబ్దం మారుతుంది. వైర్ల కనెక్టర్ల మీద పడకుండా చూసుకోండి. బ్యాటరీ తీసి పెట్టారు గనుక మొదట ఐడ్లింగ్ కాస్త అటూ ఇటూ అవుతుంది, కొంత నడిపాక కుదురుకుంటుంది. కోడ్ చెరిపించి, చిత్తూరు దాకా వెళ్ళి రండి. మళ్ళీ లైటు వెలగకుండా, పెడల్ గట్టిపడకుండా ఉంటేనే కొండ మాట.

అప్పటికీ ఏ కొంచెం అనుమానమున్నా ఆ రోజుకు బండి ఇంటి దగ్గరే పెట్టి బస్సులో వెళ్ళండి. అలిపిరి నుంచి కొండకు బస్సులు తిరుగుతూనే ఉంటాయి. కల్యాణకట్టలో పిల్లవాడు మీ ఒళ్ళో కూర్చుంటాడు గానీ, ఏ బండిలో వచ్చావని అడగడు.

ఖర్చు సంగతి మీరు అడగలేదు కానీ అది కూడా ముందే తేల్చుకోండి, తర్వాత లోలోపల మెదులుతుంది. ప్యాకింగ్, బూస్టర్ గొట్టం ఎలాగూ ఆ బండికి కావలసినవే, ఆ డబ్బు బావ ఇస్తే తీసుకోండి. స్టడ్ తీయించిన కూలి, ఫ్లాట్‌బెడ్ బాడుగ మీరు పెట్టుకోండి. కెమెరా తీగ ఎలాగూ మీ పానాల పెట్టెలోకే చేరుతుంది కాబట్టి అదీ మీ ఖాతాలోనే రాసుకోండి.